సువా సముద్రతీర వృక్షోద్యానమునందు పెద్దలతో కలిసి సులభమైన నడక: ఏర్పాటు చేయు విధానము



మన దేవాలయ సంఘము పక్షమున చల్లని మాసములలో పెద్దలను, పిల్లలను కలిపి ఒక చిన్న నడకకు తీసికొని పోవుట మాకు వాడుక. స్థలము సువా నగరములోని థర్‌స్టన్ ఉద్యానము. ఇతర పట్టణముల సంఘములవారు తామును ఇట్టి నడక ఏర్పాటు చేయదలచి వివరములు అడుగుచున్నారు. అందరికిని ఉపయోగపడునని ఆ వివరములను ఇచట ఒక క్రమములో వ్రాయుచున్నాము.

నడక అనగానే వ్యాయామమని కొందరు తలచుదురు. ఆరోగ్యమునకు మేలు కలుగుట నిజమే గాని మా ముఖ్యోద్దేశము వేరు. మన ఇండ్లలో తెలుగు మాటలాడువారు ఇప్పుడు డెబ్బది, ఎనుబది ఏండ్లు దాటినవారే. వారి పిల్లలు ఫిజీ హిందీలో మాటలాడుదురు. మనుమలకు ఇంగ్లీషు అలవాటు. పొన్న, గంగరావి, సరుగుడు, మొగలి అను మాటలు పెద్దల నోటనే మిగిలియున్నవి. పుస్తకము తెరచి ఈ మాటలు నేర్పుట కష్టము. చెట్టు క్రింద నిలబడి, ఆకు చూపి చెప్పినచో అది ఒక్క నిమిషపు పని. కాని చెప్పవలసిన పెద్దలు ఆ చెట్టు వరకు నడచి రాగలుగవలెను కదా. ఈ నడక సులభముగా ఉండి తీరవలెనని మేము పట్టుపట్టుటకు కారణము ఇదియే.

తోట చరిత్ర, మన చరిత్ర

సువా 1882లో ఫిజీకి రాజధాని అయ్యెను. ఇప్పటి ఉద్యానమున్న నేలపై పూర్వము సువా అను ఫిజియనుల గ్రామము ఉండెను. నగరమునకు పేరు వచ్చినది ఆ గ్రామము నుండియే. 1913లో ఆ చోట వృక్షోద్యానము వెలసినది. 1976లో దానికి సర్ జాన్ బేట్స్ థర్‌స్టన్ పేరు పెట్టిరి. ఆయన 1888 నుండి 1897 వరకు ఫిజీ గవర్నరు. మొక్కలయందు మిక్కిలి ఆసక్తి కలవాడు.

ఆ పేరు వెనుక మన కుటుంబములకు సంబంధించిన విషయము ఒకటి కలదు. గవర్నరు కాకముందు థర్‌స్టన్ వలస ప్రభుత్వమునకు కార్యదర్శిగా ఉండెను. ఆ పదవిలో ఉన్నప్పుడే, ఆస్ట్రేలియాలోని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీని ఫిజీకి రప్పించుటకు ఆయన పాటుపడెను. ఆ కంపెనీవారు సువాకు సమీపమున, రేవా నది ఒడ్డున నౌసోరిలో కట్టిన మిల్లు 1882లో పని ప్రారంభించెను. మిల్లునకు చెరకు కావలెను; చెరకు నరకుటకు చేతులు కావలెను. ఆ చేతులు మన పూర్వులవి.

గిర్మిట్ ఒప్పందముపై వచ్చినవారి మొదటి ఓడ లియోనిడాస్. అది 1879 మే 14న లెవుకాకు చేరెను. 1916 వరకు 60,000 మందికి పైగా వచ్చిరి. మొదట అందరును కలకత్తా రేవు నుండి వచ్చినవారే. 1903 నుండి మదరాసు రేవు నుండియు ఓడలు బయలుదేరెను. ఆ మార్గమున వచ్చినవారు 15,000 మందికి పైగా ఉందురు. విశాఖపట్నము, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారును, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగు, తమిళములు రెండును వినబడు ఊళ్ళవారును వారిలో కలరు. మిగిలిన గిర్మిట్ ఒప్పందములను 1920 జనవరి 1న రద్దుచేసిరి.

వృక్షోద్యానములను బ్రిటిషువారు అందము కొరకు మాత్రమే పెట్టలేదు. ఏ దేశపు మొక్క ఏ నేలలో పంటగా పనికివచ్చునో పరీక్షించుట కూడ అట్టి తోటల పని. ఒక దేశపు మొక్కను మరియొక దేశమున నాటిన ప్రభుత్వమే మనుష్యులను కూడ అట్లే నాటినది. పిల్లలకు ఈ సంగతి చెప్పవలెను. చెప్పుటలో ద్వేషము అక్కరలేదు, దాచుటయు అక్కరలేదు. ఈ తోట అందరిది, మనది కూడ.

ఏ మాసమున, ఏ వేళ

సువాలో సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడును. వాన లేని మాసము అనునది లేదు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వేడి, ఉక్క, తుఫానుల భయము. మే నుండి అక్టోబరు వరకు కొంత చల్లగాను, కొంత పొడిగాను ఉండును. కావున ఆ ఆరు మాసములలో ఒక దినము నిర్ణయించుకొనవలెను. మే 14 గిర్మిట్ దినమునకు దగ్గరలో పెట్టుకొనినచో పిల్లలకు చెప్పవలసిన కథ తానై ముందుకు వచ్చును.

వాన వచ్చునేమో అని నడక మానుకొనరాదు. వానకు సిద్ధపడి బయలుదేరవలెను. ప్రతి ఇద్దరికి ఒక గొడుగు చాలును. గొడుగు ఎండకును పనికివచ్చును, అవసరమైనచో చేతికఱ్ఱగాను పనికివచ్చును. ముందురాత్రి పెద్దవాన కురిసినచో పచ్చిక జారును. అట్టి దినమున పచ్చికపైకి పోక గట్టి బాట మీదనే ఉండవలెను. లేనిచో వారము వాయిదా వేయవలెను. పెద్దవయసున ఒక్కసారి జారిపడినచో తుంటి ఎముక విరుగవచ్చును. వాయిదా వలన పోవునది ఒక్క వారమే.

ఉదయము 8 గంటలకు మొదలుపెట్టి 9.30కు ముగించుట మంచిది. పూజ ముగించుకొని, తేలికగా ఏదైన తిని రావలెను. ఉపవాసముండు దినమున నడక పెట్టకూడదు. మధుమేహమునకు మందు వేసికొనువారు ఖాళీ కడుపుతో నడచినచో కళ్ళు తిరిగి పడిపోవచ్చును.

నీడను గూర్చి ఒక మాట. మన పూర్వుల ఊళ్ళు భూమధ్యరేఖకు ఉత్తరమున ఉన్నవి; మనము దక్షిణమున ఉన్నాము. అచట చలికాలమున సూర్యుడు దక్షిణపు దిక్కుగా నడచును. ఇచట చల్లని మాసములలో సూర్యుడు ఉత్తరపు దిక్కుగా నడచును. కావున జూన్, జూలై మాసములలో చెట్టు నీడ దాని దక్షిణ భాగమున పడును. కుర్చీలు వేయుటకు ముందు ఇది గమనించినచో పెద్దలను మాటిమాటికి లేపవలసిన పని ఉండదు.

మార్గము, మజిలీలు

నడక మొత్తము ఒక కిలోమీటరు మించరాదు. చేతికఱ్ఱతో నడచు పెద్దలు నిమిషమునకు సుమారు 40 మీటర్లు నడుతురనుకొందము. అట్లయినచో 1,000 మీటర్లకు 25 నిమిషములు పట్టును. గంటన్నరలో మిగిలిన గంటకు పైగా కాలము కూర్చుండుటకును, మాటలాడుటకును. ఈ లెక్క తలక్రిందులైనచో, అనగా నడక గంటయు విశ్రాంతి అరగంటయు అయినచో, మాటలాడుటకు ఎవరికిని ఊపిరి మిగులదు.

మార్గమును నాలుగు మజిలీలుగా విభజించుకొనవలెను.

మొదటి మజిలీ గడియార స్తంభము. సువా తొలి మేయరు స్మారకముగా 1918లో దీనిని నిలిపిరి. దూరమునకు కనబడును గనుక అందరును కలిసికొనుటకు అనువైన గుర్తు. ఇచట తలలు లెక్కపెట్టి, ఎవరి చేయి ఎవరు పట్టుకొనవలెనో నిర్ణయించవలెను.

రెండవ మజిలీ చెట్లు. ఇది నడకకు హృదయము వంటిది. దీనిని గూర్చి క్రింద వేరుగా వ్రాసినాము.

మూడవ మజిలీ ఫిజీ ప్రదర్శనశాల. ఇది తోట లోపలనే ఉన్నది. 1913లో కట్టిన రాతు ఫినావు అను పెద్ద జంటపడవ ఇచట ఉన్నది. దాని పొడవు 13 మీటర్లు దాటును. బౌంటీ ఓడ చుక్కాని ఉన్నది. గిర్మిట్ వారి బ్రదుకును తెలుపు వస్తువులు కూడ ఉన్నవి. ప్రవేశ రుసుము, తెరచు వేళలు, మెట్లు ఎక్కలేనివారికి గల సౌకర్యము, మరుగుదొడ్ల సంగతి ముందుగా విచారించుకొనవలెను. వాన ముంచుకొని వచ్చినచో ఇదియే తలదాచుకొను చోటు.

నాల్గవ మజిలీ సముద్రపు గోడ. తోట ఎదుట క్వీన్ ఎలిజబెత్ మార్గము దాటగానే సముద్రము. మార్గము దాటుటయే ఈ నడకలో ఎక్కువ జాగ్రత్త కావలసిన ఘట్టము. అందరును ఒకేసారి దాటవలెను. ముందు ఒక యువకుడు, వెనుక ఒక యువకుడు నిలబడి వాహనములను ఆపవలెను. దాటుట కష్టమనుకొను పెద్దలను ప్రదర్శనశాల వద్దనే కూర్చుండబెట్టి, ఒకరిని తోడుగా ఉంచవలెను. వారిని ఒంటరిగా విడిచి పోరాదు.

గోడ దగ్గర నిలబడినప్పుడు పిల్లలు "మనవారి ఓడలు ఇచటనే ఆగెనా?" అని అడుగుదురు. వచ్చినవారిని మొదట నిర్బంధ వైద్యపరీక్షకు నుకులావు అను చిన్న ద్వీపమునందు దింపుచుండిరి. అచటి నుండి వారిని తోటలకు పంచిరి. ఆ ద్వీపము సువా భూశిరమునకు తూర్పు వైపున ఉన్నది గనుక తోట ఎదుట నుండి చూచినచో కనబడదు. చూడదలచినవారు నడక ముగిసిన తరువాత వాహనములో నసేసే వైపు పోయి, తూర్పు తీరమునుండి చూడవలెను. అది నడకలో భాగము కాదు. దానిని కలిపినచో అలసట వచ్చును.

చెట్లు, వాని పేర్లు

ఏ చెట్టు తోటలో ఏ మూలన ఉన్నదో నడకకు వారము ముందుగా ఇద్దరు పోయి చూచి రావలెను. చెట్లు పడిపోవును, కొత్తవి నాటుదురు. పాత పటమును నమ్మరాదు. ఐదు లేక ఆరు చెట్లు ఎన్నుకొనినచో చాలును. బాటకు దగ్గరగా, క్రింద కుర్చీ వేయుటకు వీలుగా ఉన్న వానినే ఎన్నుకొనవలెను. తోటలో దొరకనిది సముద్రపు ఒడ్డున దొరకవచ్చును. అచటను లేనిచో మన ఊరి తీరమున ఉండవచ్చును. ఈ క్రిందివి ఫిజీ తీరములలోను, మన ఆంధ్ర తీరములోను పెరుగునవి.

పొన్న. ఫిజియనులు దీనిని దిలో అందురు. దళసరి ఆకు, నున్నని మెరుపు, దగ్గర దగ్గరగా గీతలు గీచినట్లు ఈనెలు, తెల్లని పూవు, నడుమ పసుపు కేసరములు, గుండ్రని కాయ. గింజల నూనెను ఫిజియనులు చర్మవ్యాధులకు వాడుదురు. మన దేశమున దేవుని ఉత్సవములలో పొన్న వాహనసేవ ఉన్నది. కృష్ణస్వామి కథలోను పొన్నచెట్టు ఉన్నది. కావున దేవాలయమునకు వచ్చు పిల్లలకు ఈ చెట్టునే మొదట చూపవలెను.

గంగరావి. ఇచట ములోములో అందురు. రావి ఆకును పోలిన ఆకు, పసుపుపచ్చని పూవు. ఆ పూవు వాడునప్పుడు ఎరుపు రంగునకు తిరుగును. ఆకును చుట్టి పీపీ ఊదుట మన పల్లె పిల్లల ఆట. ఉత్తర ఆర్కాటు వైపు నుండి వచ్చిన కుటుంబములవారు దీనిని పూవరసు అందురు. రెండు పేర్లును సరియైనవే. రెండును వ్రాసికొనవలెను.

బాదము. ఇచట తవోలా అందురు. కొమ్మలు అంతస్తులుగా అడ్డముగా చాచుకొనును. ఆకులు రాలుటకు ముందు ఎఱ్ఱబడును. ఆ వెడల్పు ఆకులతో విస్తళ్ళు కుట్టుట మన పెద్దలకు తెలియును. కుట్టి చూపగలవారు ఉన్నచో చీపురుపుల్లలు తెచ్చుకొనవలెను. నేలరాలిన ఆకులతోనే చూపవలెను.

సరుగుడు. ఇచట నోకోనోకో. సూదుల వంటి రెమ్మలు, చిన్న గరుకు కాయలు, గాలి వీచినప్పుడు సముద్రఘోష వంటి ధ్వని. ఫిజీలో ఇది సహజముగా పెరుగు చెట్టు. మన కోస్తాలో నాటి పెంచిరి. పందిళ్ళకు వాసములు, పొయ్యికి కట్టెలు అదియే.

మొగలి. దీని దగ్గరి బంధువులు ఇచటి తీరమున పెరుగును. ఊడల వంటి వేళ్ళు నేలకు దిగును. ఫిజియను స్త్రీలు ఈ కుటుంబపు మొక్కల ఆకులను ఎండబెట్టి చాపలు అల్లుదురు. మనవారు మొగలిపూవును సిగలో తురిమిరి. శివపూజకు మాత్రము వాడరు. ఎందుకు వాడరను కథ చెప్పుటకు పెద్దలకు ఇది మంచి అవకాశము.

కొబ్బరి. ఇచట నియు. పరిచయము అక్కరలేదు. కుర్చీలు మాత్రము దీని క్రింద వేయరాదు. కాయ రాలినచో ప్రాణాపాయము.

ఈ చెట్లను గూర్చి పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. పొన్న, గంగరావి, బాదము, ఈ మూడింటి కాయలు ఉప్పునీటిపై తేలును. అలలతో కొట్టుకొని పోయి, దూరపు ఒడ్డున మొలకెత్తును. బంగాళాఖాతపు తీరమునుండి పసిఫికు దీవుల వరకు ఇవి వ్యాపించుటకు ముఖ్య కారణము అదియే. చెరకును కంపెనీ నాటించెను. మన పూర్వులను ఒప్పందము తెచ్చెను. ఈ చెట్లు మాత్రము మనకంటె ఎంతో ముందుగా ఇచటి ఒడ్డుననే ఉన్నవి. పరదేశమున దిగిన గోదావరి స్త్రీ ఒడ్డున పొన్నపూవును చూచినచో, తెలిసిన ముఖము ఒకటి ఎదురైనట్లే గదా. అప్పుడు ఆమె నోట వచ్చియుండు మాటయే నేడు మన ఇంటి పెద్దమ్మ నోట వచ్చుచున్నది.

తోటలోని పలకలపై ఇంగ్లీషు పేరు, లాటిను పేరు ఉండును. తెలుగు పేరు వ్రాసిన పలక లేదు. ఆ పలక మన పెద్దలే.

పెద్దలకు కావలసినవి

అందరిలో నెమ్మదిగా నడచువారు ముందు నడువవలెను. ఇది మా మొదటి నియమము. వారు వెనుకబడినచో, ముందుపోయినవారు ఆగి ఎదురుచూచి, వీరు చేరగానే మరల బయలుదేరుదురు. విశ్రాంతి కావలసినవారికే విశ్రాంతి దొరకదు. వారిని ముందుంచినచో అందరి వేగమును వారే నిర్ణయింతురు. పిల్లలు విసుగుకొనకుండ వారికి పని అప్పగించవలెను.

ఒక గుంపున ఇరువదిమందికి మించి ఉండరాదు. ఐదుగురు పెద్దలు, ఐదుగురు పిల్లలు, నలుగురు సహాయకులు, మిగిలినవారు కుటుంబసభ్యులు అయినచో మాటలు అందరికిని వినబడును.

తీసికొని పోవలసినవి: మడత కుర్చీలు నాలుగు, త్రాగునీరు, గ్లూకోజు బిస్కట్లు, ఒక పొడి తువాలు, దోమల మందు, కట్టుగుడ్డలు. ప్రతి పెద్దవారి పేరు, వాడు మందులు, ఇంటి ఫోను నంబరు వ్రాసిన చీటీ వారి జేబులోనే ఉండవలెను. వదులు చెప్పులు వద్దు. వెనుక పట్టీ ఉన్న చెప్పులు గాని బూట్లు గాని కావలెను. చీర కుచ్చెళ్ళు నేలకు తగులకుండ కట్టుకొనుమని ముందే చెప్పవలెను.

చక్రముల కుర్చీలో వచ్చువారిని "మీకు కష్టము" అని ఇంటియొద్ద ఉంచుట న్యాయము కాదు. గట్టి బాట ఉన్నంతవరకు వారును రాగలరు. వారికొరకు మార్గమును కుదించవలెనే గాని వారిని మానిపించరాదు. తోటకు రాలేనివారికి పొన్నపూవును ఫోనులో చిత్రము తీసి చూపవలెను. మంచము మీదనున్న ఒక తాతగారు అట్టి చిత్రము చూచి, పేరుతో బాటు తమ తల్లి దానిని ఏ పూజకు వాడెనో కూడ చెప్పిరి. పది నిమిషముల ముందు ఆయన ఎవరితోను మాటలాడుట లేదు.

పిల్లలకు పని

ప్రతి పిల్లవానికి, పిల్లకు ఒక నోటుపుస్తకము ఇచ్చి, పుటకు నాలుగు గడులు గీయించవలెను: తెలుగు పేరు, ఫిజియను పేరు, ఇంగ్లీషు పేరు, చెప్పినవారి పేరు. నాల్గవ గడి ముఖ్యము. మాట ఎవరి నోటినుండి వచ్చెనో తెలిసినప్పుడే అది కుటుంబపు ఆస్తి యగును. తెలుగు లిపి రానివారు తమకు వచ్చిన లిపిలో వ్రాయవచ్చును. ఇంటికి వచ్చిన తరువాత దేవాలయమునందు లిపి తెలిసినవారు ప్రక్కనే తెలుగులో వ్రాసి ఇత్తురు.

పెద్దలకు పేరు జ్ఞప్తికి రానిచో తొందరపెట్టరాదు. "ఇది ఏ చెట్టు?" అని పరీక్షవలె అడుగుట కంటె, "దీని ఆకుతో మీరు చిన్నప్పుడు ఏమి చేసెడివారు?" అని అడుగుట మేలు. పని జ్ఞప్తికి వచ్చినచో పేరు దాని వెంట వచ్చును. రాకున్నను చింత లేదు. తప్పు పేరు చెప్పినచో పిల్లలయెదుట దిద్దరాదు. ప్రక్కన వ్రాసికొని, మరియొక పెద్దవారిని అడిగి సరిచూచుకొనవలెను. గొంతు ఫోనులో పట్టుకొనదలచినచో వారి అనుమతి అడుగవలెను.

ఆకులు, పూవులు కోయరాదు. రాలినవి మాత్రమే ఏరుకొనవలెను.

మన భాషను నిలుపుటకు పూర్వము సంఘములు కట్టినవారు కలరు. 1926లో నాది పట్టణమున దక్షిణ భారతీయుల సంగము ఏర్పడెను. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగము ఏర్పడెను. బడులు పెట్టిరి, తెలుగు నేర్పిరి. వారు కట్టిన బడులముందు మా నడక చాల చిన్నది. కాని బడికి పోవు వయసు దాటినవారును, బడిలో తెలుగు చదువని పిల్లలును ఈ నడకలో కలిసికొందురు. ఇది బడికి బదులు కాదు, బడికి తోడు.

ఇతర తీరములలో ఉన్నవారికి

ఇదే పద్ధతి ఇతర చోట్లను పనికివచ్చును. దక్షిణాఫ్రికాలోని డర్బనులో 1849లో స్థాపించిన వృక్షోద్యానము ఉన్నది. చెరకు తోటలకు 1860 నుండి మదరాసు రేవు ద్వారా వచ్చినవారి సంతతి ఆ నగరమున కలదు. మారిషసులో పాంప్లెమూస్ ఉద్యానము ఉన్నది. అది సముద్రపు ఒడ్డున కాదు గాని చదునైన నేల, పెద్దలకు అనుకూలము.

నేడు మన తెలుగువారు ఉద్యోగములకై పోవు గల్ఫు దేశములను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. వారిదియు ఒప్పందముపై జరుగు ప్రయాణమే. కాలము, చట్టము వేరు. బహ్రెయిన్ రాజధాని మనామాలో నయీమ్ అను పాత పేట ఉన్నది. నగరపు ఉత్తరపు అంచున సముద్రతీర విహారమార్గము ఉన్నది. పాత బజారులో 200 ఏండ్ల నాటి శ్రీనాథ్‌జీ ఆలయము ఉన్నది. నయీమ్ వంటి పేటలో ఉండువారు ఆలయ దర్శనమును, సముద్రపు గాలిని ఒకే సాయంత్రము కలుపుకొనవచ్చును. అచట వృక్షోద్యానము కొరకు వెదకనక్కరలేదు, తీరమున ఖర్జూరములున్నవి. తూబ్లీ అఖాతమున మడచెట్లున్నవి. ఆ మడ జాతి మన గోదావరి ముఖమున కోరంగి మడ అడవిలో కూడ పెరుగును. కోరంగి పూర్వము ఓడరేవు. మనవారు అనేకులు ఆ రేవునుండి పరదేశములకు పోయిరి. అక్కడి పిల్లలకు ఈ ఒక్క చెట్టు చూపినను చాలును.

వేళ మాత్రము మార్చుకొనవలెను. బహ్రెయిన్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. ఆరుబయట కూలిపని చేయువారికే వేసవి మధ్యాహ్నములలో 12 గంటల నుండి 4 గంటల వరకు పని నిషేధించిన దేశము అది. వృద్ధులు, చంటిపిల్లలు వచ్చినప్పుడు డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు సాయంత్రములు శ్రేష్ఠము. వేసవిలో సూర్యాస్తమయము తరువాతనే బయలుదేరవలెను. తల్లిదండ్రులను చూపుటకై కొలదివారములు పిలిపించుకొనువారు వారిని దుకాణములకు మాత్రమే త్రిప్పక, ఒక సాయంత్రము ఇట్లు నడిపించినచో మనుమలకు నాలుగు మాటలు దక్కును.

మొదలుపెట్టుటకు

పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ఈ వారము ఇద్దరు పోయి ఐదు చెట్లు గుర్తించి రండి. వచ్చు వారము ఐదుగురు పెద్దలను అడిగి, వారికి అనువైన దినము నిర్ణయించుకొనుడు. మూడవ వారము నడువుడు. మొదటి నడకలో ఒక్క చెట్టు వద్దనే కాలమంతయు గడచిపోయినను లోటు లేదు. మిగిలిన చెట్లు అచటనే ఉండును. పెద్దలు ఉన్నప్పుడే వారిని చెట్ల యొద్దకు తీసికొని పోవలెను. తరువాత చూతములే అని ఈ పనిని వాయిదా వేయుటకు వీలులేదు.

మీ ఊరిలో వ్రాసికొనిన పేర్లు, వాని రూపభేదములు మన దేవాలయ సంఘమునకు పంపినచో అన్నియు ఒకచోట కూర్చి పిల్లల తెలుగు తరగతికి ఉపయోగించుదుము. అందరికిని శుభమగుగాక.